ఏ సెక్షన్ ఎవరికి?

విశాఖలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక కార్పొరేషన్ ప్రాథమిక పాఠశాల. పిల్లల్లో సగం మంది జాలరిపేట నుంచి వస్తారు. మిగతావాళ్లు అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ల పిల్లలు, ఒడిశా నుంచి కట్టుబడి పనికి వచ్చినవాళ్ల పిల్లలు, ప్రైవేటు ఫీజు కట్టలేకో కట్టడం ఇష్టం లేకో ఇటు మళ్లిన నాలుగైదు ఇళ్ల పిల్లలు.

జూన్‌లో బడి తెరిచిన వారానికే తల్లిదండ్రుల కమిటీ ముందుకు ఒక ప్రతిపాదన వచ్చింది. నాలుగో తరగతిలో 41 మంది, ఐదులో 37 మంది ఉన్నారు. ఈ 78 మందికీ నెలాఖరులో ఒక పరీక్ష పెట్టాలి. పైనున్న 30 మందిని కలిపి 'ఏ సెక్షన్' చేసి లెక్కల సారుకి అప్పగించాలి. మిగిలిన 48 మందినీ టీచరమ్మ చూసుకోవాలి. గురుకులం, సైనిక్ స్కూల్, నవోదయ సీట్లు తెప్పించుకోవాలన్నది ఆశ.

వరండాలో దీని మీద ఇద్దరు వాదులాడుకున్నారు. ఒకామె అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య, విజయనగరం వైపు మనిషి, నాలుగిళ్లలో పని చేస్తుంది. కొడుకు నాలుగో తరగతి. ఒకాయన డయాగ్నొస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్. రెండేళ్ల కిందట కూతుర్ని ప్రైవేటు స్కూల్ మాన్పించి ఇక్కడ వేశాడు. ఆ పాపా నాలుగే. చట్టం ప్రకారం కమిటీలో ముప్పావు వంతు మంది తల్లిదండ్రులే ఉండాలి కాబట్టి ఇద్దరికీ మాట చెల్లుతుంది. ఎవరు ఏ పక్షమో చూడగానే ఊహించేశాను. నా ఊహ తప్పింది. పరీక్ష పెట్టమన్నది ఆమె.

నేనూ కమిటీలో ఉన్నాను, కానీ నోరు మెదపలేదు. మళ్లీ మళ్లీ చెప్పినవి తగ్గించి, విన్నది విన్నట్టు రాస్తున్నాను.

అమ్మ: బాబూ, నాకు పెద్ద మాటలు రావు. మొన్న మావాడు నీళ్ల సీసా మర్చిపోతే ఇద్దామని వచ్చి కిటికీలోంచి చూశాను. సారు బోర్డు మీద ఐదు భాగహారాలు ఇచ్చారు. మా గుంటడు ఐదూ చేసేసి, నోటుబుక్కు వెనక పేజీలో ఓడ బొమ్మ వేసుకుంటున్నాడు. సారు మొదటి లెక్క దగ్గరే ఉన్నారు. 612ని 6తో భాగిస్తే 12 అని రాసినవాళ్ల దగ్గర. మావాడు ఓడకి పొగగొట్టం పెట్టాడు, జెండా పెట్టాడు, లంగరు కూడా దించేశాడు. సారు ఇంకా ఆ 12 దగ్గరే ఉన్నారు.

నాన్న: 102 రావాలి. మధ్యలో సున్నా మింగేస్తారు. మా పాపా మొన్నటిదాకా మింగేదే. అమ్మా, ఆ సున్నా చిన్న విషయం కాదు. ఒకటిలో 6 పోదు కాబట్టి అక్కడ సున్నా పెట్టాలన్నది ఇప్పుడు ఎక్కకపోతే, రేపు దశాంశాలు వచ్చినప్పుడు పిల్లాడు మొత్తానికే వదిలేస్తాడు. సారు అక్కడ నిలబడ్డారంటే నిలబడాల్సిన చోటే నిలబడ్డారు.

అమ్మ: నిలబడొద్దని నేనన్నానా? మావాడు అన్నాళ్లూ ఓడలు వేసుకుంటూ కూర్చోవాలా అని అడుగుతున్నాను. గురుకులంలో ఐదో తరగతి సీటుకి పరీక్ష ఈ ఏడాదే రాయాలి. అది పోతే వచ్చే ఏడాది సైనిక్ స్కూల్ పరీక్ష. కోరుకొండ మా ఊరి దగ్గరే. అందులో 300 మార్కులైతే 150 లెక్కలకే. పక్క బ్లాక్ సారు చెప్పారు, పేపర్ కూడా చూపించారు.

నాన్న: నవోదయ కూడా అంటున్నారు కదా. అందులో 75 శాతం సీట్లు తగ్గకుండా పల్లెటూరి పిల్లలకే. మూడు, నాలుగు, ఐదు తరగతులు పల్లె బడిలో చదివినవాళ్లనే ఆ లెక్కలోకి తీసుకుంటారు. మీది పల్లెటూరే కావచ్చు, మీవాడు మాత్రం పట్నం లెక్కలోకే వస్తాడు.

అమ్మ: తెలుసు. అందుకే ముందు గురుకులం పేరు చెప్పాను.

నాన్న: సరే. పరీక్ష ఎప్పుడు పెడదామంటున్నారు? జూన్ చివర్లో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం. 61 రోజులు మరబోటు కదలదు, జాలరిపేటలో చాలా ఇళ్లకి రాబడి ఉండదు. ఆ పిల్లలకి వేసవి సెలవులంటే అదీ. అటు అపార్ట్‌మెంట్లలో పిల్లలు సమ్మర్ ట్యూషన్‌కి వెళ్లొచ్చారు. ఇప్పుడు పరీక్ష పెడితే తెలివి ఎవరికుందో తెలియదు, ఎండాకాలం ఎవరు ఎలా గడిపారో తెలుస్తుంది.

(ఈ మాట జరుగుతున్నప్పుడు జాలరిపేట నుంచి కమిటీలో ఉన్న ముగ్గురిలో ఒక్కరూ వరండాలో లేరు. వేట మొదలై వారం కూడా కాలేదు. మగవాళ్లు బోట్ల మీద ఉన్నారు, ఆడవాళ్లు హార్బర్‌లో చేపల వేలం దగ్గర ఉన్నారు. ఆ 48 మందిలో ఎక్కువ మంది ఎవరి పిల్లలవుతారో వాళ్లే లేకుండా మీటింగ్ పెట్టుకున్నాం. తేదీ చూసుకోకపోవడం మా అందరి తప్పే.)

అమ్మ: ఇది ఒప్పుకుంటాను. జూన్‌లో వద్దు, ఆగస్టులో పెట్టండి. కానీ అసలే వద్దంటే ఊరుకోను.

నాన్న: ఆగస్టులో పెట్టినా తెలుగులో రాసే పరీక్షే కదా? మా పాప పక్కన ఒడియా పాప కూర్చుంటుంది. మన పుస్తకంలో ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క తెలుగు. రెండూ ఆ పిల్ల ఇంటి భాష కాదు. కానీ నోటిలెక్క అడిగి చూడండి. వాళ్ల నాన్న మేస్త్రీ. వారం కూలీలో అడ్వాన్సు పోను ఎంత రావాలో ఆ పిల్లే చెబుతుంది. పేపర్ మీద ప్రశ్న చదువుకోలేక 48లో పడిపోతుంది.

అమ్మ: ఆ పిల్ల చురుకే, నేనూ చూశాను. అయితే ఆ పిల్లని నోటితో అడగండి. పరీక్ష బాగోలేకపోతే బాగుచేసుకోవాలి గానీ, పరీక్షే వద్దనడం ఏటండీ?

నాన్న: అసలు 78 మందికి ఇద్దరు టీచర్లు ఉండటమే తప్పు. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో ప్రాథమిక తరగతులకి 30 మందికి ఒక టీచర్ అని ఉంది. మనకి సమంగా పంచినా 39. మీరు చెప్పినట్టు చేస్తే 'ఏ సెక్షన్' వరకూ చట్టం అమలవుతుంది, పక్క గదిలో 48 మందిని కుక్కుతాం. మూడో టీచర్ కావాలని పిటిషన్ పెడదాం.

అమ్మ: పెడదాం, నేనూ సంతకం పెడతాను. మూడో టీచర్ వచ్చేసరికి మావాడికి ఐదో తరగతి అయిపోతుంది.

నాన్న: మీవాడి ఒక్కడి గురించే చూస్తే...

అమ్మ: నేను కాకపోతే ఎవరు చూస్తారు బాబూ వాడి గురించి? మీరు రాత్రి ఏడింటికి మీ పాప పక్కన కూర్చుని లెక్కలు చెప్తారు. మంచిదే. ఏడింటికి నేను బి బ్లాకులో గిన్నెలు తోముతాను. ఆయన గేటు దగ్గర ఉంటారు. వాడికి అనుమానం వస్తే లిఫ్ట్ దగ్గర నిలబడి వచ్చేపోయేవాళ్లని అడుగుతాడు. మీ పాపకి ఇంట్లోనే 'ఏ సెక్షన్' ఉంది. అందుకే బడిలో లేకపోయినా మీకు పర్వాలేదు.

(ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. అవసరం లేకపోయినా తుడిచాడని నాకనిపించింది. ఆమె అన్నదానికి నా దగ్గరా జవాబు లేదు, మా ఇంట్లోనూ రాత్రి ఏడింటికి అదే సీను.)

నాన్న: మీరన్నది నిజమే. కానీ నేను పాపని ఇక్కడికి ఎందుకు తెచ్చానో కూడా వినండి. ఢిల్లీలో 2007 నుంచి కొన్ని ప్రైవేటు స్కూళ్లు 20 శాతం సీట్లు పేద పిల్లలకి ఇవ్వాల్సి వచ్చింది. దాని మీద ఒక ఆర్థికవేత్త పరిశోధన చేశాడు. రిలే పరుగుపందెంలో జట్టుకి ఎవరిని ఎంచుకుంటావని డబ్బున్న పిల్లల్ని అడిగారు. పేద పిల్లాడు బాగా పరిగెడతాడని తెలిసినా కొందరు వద్దన్నారు, గెలిస్తే వచ్చే బహుమతి డబ్బు పోయినా సరేనన్నారు. పేద పిల్లలతో కలిసి చదువుకున్న క్లాసుల్లో అలా వద్దనేవాళ్లు బాగా తగ్గారు. చదువు తగ్గింది చాలా కొద్దిగానే.

అమ్మ: అంటే డబ్బున్న పిల్లలు మంచివాళ్లయ్యారు.

నాన్న: అవును.

అమ్మ: మరి ఆ పేద పిల్లాడికి ఏం వచ్చింది?

నాన్న: ఆ పరిశోధన అడిగిన ప్రశ్న అది కాదమ్మా...

అమ్మ: నేను అడిగేది అదే. మా గుంటడు ఎవరికో మంచితనం నేర్పడానికి బడికి రావట్లేదు. లెక్కలు నేర్చుకోవడానికి వస్తున్నాడు.

(ఇక్కడ మీటింగ్ అయిపోయిందనే అనుకున్నాను. వంటామె వచ్చి భోజనాలకి వరండా ఖాళీ చేయాలని కూడా చెప్పి వెళ్లింది. ఆయన మాత్రం తన వాదానికే దెబ్బ తగిలే మాట ఒకటి తనంతట తానే తీశాడు. అలాంటివాళ్లు కమిటీల్లో అరుదు.)

నాన్న: నిజం చెప్పాలంటే మీకు పనికొచ్చేది ఒకటుంది. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ వచ్చిన ముగ్గురిలో ఇద్దరు, డుఫ్లో, క్రెమర్, కెన్యాలో 2005లో 121 బడుల్లో ఒకటో తరగతిని రెండు సెక్షన్లు చేయించి చూశారు. సగం బడుల్లో మార్కుల ప్రకారం, సగం బడుల్లో ఎటు పడితే అటు. మార్కుల ప్రకారం విడదీసిన చోట రెండు సెక్షన్లూ బాగుపడ్డాయి. పైవాళ్లే కాదు, కిందివాళ్లు కూడా.

అమ్మ: మరి ఇంతసేపూ చెప్పకుండా ఎక్కడ దాచారు?

నాన్న: ఆగండి. అక్కడ రెండో సెక్షన్ కోసం ప్రతి బడికీ అదనంగా ఒక టీచర్ని ఇచ్చారు. ఏ టీచర్ ఏ సెక్షన్‌కి అన్నది లాటరీ తీశారు. మంచి సార్ని పైవాళ్లకి ఇచ్చేయలేదు. మనం చేయబోయేది అది కాదు. మనకి కొత్త టీచర్ లేడు, ఉన్న లెక్కల సార్ని 30 మందికి రాసిచ్చేస్తున్నాం. మీరు సెక్షన్ కావాలంటున్నారు గానీ, మీకు కావాల్సింది సెక్షన్ కాదు, సారు.

అమ్మ: అవును, సారే. నేను కాదన్నానా? ఆ టీచరమ్మ మంచిదే. కానీ లెక్కల దగ్గరికి వచ్చేసరికి గైడు చూసి బోర్డు మీద దించేస్తుంది.

నాన్న: అయితే లాటరీకి ఒప్పుకుంటారా? రెండు సెక్షన్లూ చేద్దాం, సారు ఎటన్నది చీటీ వేద్దాం.

అమ్మ: చీటీ వద్దు బాబూ. ప్రైవేటు స్కూల్లో పేద పిల్లల కోసం ఉంచే ఆ 25 శాతం సీట్లకి మా పెద్దదానికి ఒకసారి, వీడికి ఒకసారి పెట్టాం. ఆన్‌లైన్ లాటరీ అన్నారు. రెండుసార్లూ రాలేదు. ఇంక చీటీల మీద నాకు నమ్మకం పోయింది.

నాన్న: పోనీ, రోజంతా విడదీయొద్దు. ఒక్క గంట. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు బడుల్లో చేయించేది అదే. ఆ గంటలో నాలుగా ఐదా అని చూడరు. చదవడం, లెక్క ఎంతవరకు వచ్చో చూసి గుంపులు చేస్తారు, పిల్లాడు నేర్చుకున్నకొద్దీ గుంపు మారుస్తారు. మిగతా రోజంతా అందరూ కలిసే ఉంటారు. ఆ గంట సారు సున్నా మింగేవాళ్ల దగ్గర ఉంటారు.

అమ్మ: అదిగో, మళ్లీ సార్ని అటే పంపారు. ముందున్నవాళ్లకి?

నాన్న: వాళ్లకి కష్టమైన లెక్కల షీట్లు ఇద్దాం. టీచరమ్మ చూసుకుంటారు.

అమ్మ: షీట్లో తప్పు చేస్తే ఎవరు దిద్దుతారు? ఆ గైడు చూసే ఆవిడా? కుదరదు. మూడు రోజులు అటు, మూడు రోజులు ఇటు. సోమ, బుధ, శుక్ర సున్నా వాళ్ల దగ్గర. మంగళ, గురు, శని మావాళ్ల దగ్గర. శనివారం సెలవొస్తే ఇంకో రోజు ఇవ్వాలి.

నాన్న: 'మావాళ్లు' అని ఇప్పుడే అనేస్తున్నారు. మీవాడు ఏ గుంపులో పడతాడో ఇంకా తెలీదు కదా.

అమ్మ: పడతాడు. ఐదు లెక్కలూ చేసి ఓడ వేశాడని చెప్పానా లేదా?

నాన్న: గుంపు నెలకోసారి మారాలి. ఎవరూ ఒకేచోట ఉండిపోకూడదు. ఒడియా పాపని నోటితో అడగాలి. పైగా జాలరిపేటవాళ్లు వచ్చాకే తీర్మానం.

అమ్మ: వాళ్లని నేను పిలుచుకొస్తాను. నా దగ్గరికి చేపలమ్మే ఆవిడే కమిటీలో ఉంది. మధ్యాహ్నం మూడు తర్వాత అయితే ఖాళీ అన్నది.

ఈలోగా లెక్కల సారు చేతులకి చాక్‌పీస్ పొడితో బయటికొచ్చారు. తన గురించి ఇంత గొడవ జరిగిందని ఆయనకి తెలిసినట్టు లేదు. సంగతి చెప్పాం. విని, "షీట్లు నేను తయారు చేస్తాను" అన్నారు, "వారానికి మనిషికి రెండు పేజీలు." అంతా సర్దుకుందనుకునేలోపు ఆమె అడిగింది, జిరాక్స్ డబ్బులు ఎవరిస్తారని. పాప నాన్న తనిస్తానన్నాడు. ఒక్కరే ఇస్తే షీట్ల మీద పెత్తనం కూడా ఒక్కరిదే అవుతుంది, అందరం వేసుకోవాలంది ఆమె. జాలరిపేటవాళ్లని ఈ నెల అడగొద్దన్నాడు ఆయన. అడగకపోతే వాళ్లకి అవమానం కాదా అంది ఆమె. వంటామె రెండోసారి వచ్చింది, వాళ్లిద్దరూ మెట్లు దిగుతూ కూడా అదే మాట మీద ఉన్నారు.