ముందు మీరున్నారని రుజువు చేయండి

అమెరికాలో పేదలు అద్దెకుండే పాత బిల్డింగుల్ని కాపాడతామంటూ ఎవరు పడితే వాళ్లు గ్రాంటుకు వచ్చేస్తే ఎలా? కారే పైకప్పును అర్హత లేనివాళ్లు బాగుచేస్తే దేశం ఏమైపోవాలి?

ఈ ప్రమాదం అమెరికా కాంగ్రెస్ 1990లోనే పసిగట్టింది. పేదల ఇళ్లకు ఫెడరల్ డబ్బు ఇచ్చే హోమ్ పథకం పెట్టి, అందులో కనీసం 15 శాతం డబ్బు స్థానిక లాభాపేక్ష లేని సంస్థలకని పక్కన పెట్టి, ఆ చేత్తోనే అర్హతలూ రాసింది. బోర్డులో కనీసం మూడో వంతు పేదల పక్షం వాళ్లుండాలి. మంచి మాటే. అయితే పేద పేటలో కాపురముంటే చాలు, పేదవాడే కానక్కర్లేదు. నిన్నగాక మొన్న ఆ పేటలో పాత ఇల్లు కొని, పడగొట్టి, మూడంతస్తులు లేపిన పెద్దమనిషి కూడా ఆ కోటాలో దర్జాగా కూర్చోవచ్చు. (మన తెలుగు సంఘాల్లో ఈ మూడో వంతు నియమం పెడితే? బాంక్వెట్ టికెట్టు ధర చూశాక కోరం ఉండదు.)

2013లో మరో నిబంధన తెచ్చారు, 2025 దాకా అదే నడిచింది. ఇళ్లు కట్టిన అనుభవం జీతం తీసుకునే ఉద్యోగికే ఉండాలన్నారు, వలంటీరుది లెక్కలోకి రాదన్నారు. ముప్పయ్యేళ్లు అపార్ట్‌మెంట్లు కట్టి రిటైరైన ఇంజినీరు ఊరికే చేసిపెడతానన్నా ఆయన అనుభవం చెల్లేది కాదు. జీతం ఇద్దామంటే గ్రాంటు రావాలి. గ్రాంటు రావాలంటే జీతగాడు కావాలి. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు.

ఇక ఫెడరల్ డబ్బు నేరుగా అందుకోవాలంటే సామ్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదు కావాలి, 12 అక్షరాల గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. ఓ చిన్న సంస్థ అనుకుందాం. చర్చి బేస్‌మెంట్‌లో ఆఫీసు. ట్రెజరరు రిటైరైన టీచరమ్మ. పన్ను శాఖ ఉత్తరంలో అడ్రసు ‘స్ట్రీట్’ అని పూర్తిగా ఉంది, బ్యాంకు కాగితంలో ‘ఎస్‌టీ’ అని పొట్టిగా ఉంది. ఇవి రెండు సంస్థలా, ఒకటేనా? కంప్యూటరుకు ధర్మసందేహం. కరెంటు బిల్లు పెట్టమంది. బిల్లు చర్చి పేరున ఉంది. అయితే చర్చికీ మీకూ ఏమిటి సంబంధం? పాస్టరుగారు ఉత్తరం రాసిచ్చారు. అందులో తేదీ లేదు. తేదీ వేసి తెచ్చేసరికి పాత అర్జీ (టికెట్టు) మూసేశారు, కొత్తది తెరవమన్నారు. ఎట్టకేలకు సంస్థ ఉన్నట్టు ప్రభుత్వం ఒప్పుకుంది. ఏడాది వరకే. ఆ తర్వాత మళ్లీ రెన్యువల్. ఈలోగా గ్రాంటు గడువు దాటిపోయింది. పైపు మాత్రం ఏ నమోదూ లేకుండా కారుతూనే ఉంది.

సరే, ప్రజల సొమ్ము, జాగ్రత్త పడాలి. మరి అవతలివాళ్ల సంగతేమిటి? పేదల అద్దె ఇళ్లలో డబ్బు పెట్టినవాళ్లకు పన్ను తగ్గించే 1986 చట్టం కింద పెట్టుబడిదారు పదేళ్లపాటు ఆ తగ్గింపులు, అంటే పన్ను క్రెడిట్లు, తీసుకుంటాడు. పదిహేనేళ్లు గడిచాక ఆ బిల్డింగును దాని మీదున్న అప్పు, పన్నులకు సరిపడే ధరకే కొనుక్కునే తొలి హక్కు లాభాపేక్ష లేని సంస్థకు ఇవ్వొచ్చని చట్టమే చెప్పింది. ఒప్పందాల్లో ఆ హక్కు రాసుకున్నారు కూడా. ఇప్పుడు కొన్ని కంపెనీలు పాత పెట్టుబడిదారుల వాటాలు కొనేసి, గడువు రాగానే ఆ హక్కు చెల్లదంటూ కోర్టుకెక్కుతున్నాయి. వీళ్ల బోర్డులో మూడో వంతు పేదలున్నారా? ఎవరడిగారు? అనుభవం చూశారా? కరెంటు బిల్లు అడిగారా? లాయరు ఫీజు కట్టగలిగితే చాలు, అదే అర్హత. క్రెడిట్లన్నీ పిండుకున్న బిల్డింగు మీద, సోషల్ సెక్యూరిటీ పింఛను చెక్కుతో నెట్టుకొచ్చే ముసలివాళ్ల ఇళ్ల మీద, మళ్లీ లాభం కావాలట! సిగ్గులేనితనానికీ ఓ హద్దుండాలి. దీన్ని వ్యాపారం అనడానికి నాకు నోరు రావడం లేదు, ఇది దోపిడీ.

2025లో ఈ క్రెడిట్ల కోటా 12 శాతం పెంచడానికి కాంగ్రెస్‌కు తీరిక దొరికింది. ఈ లొసుగు పూడ్చే సవరణ మాత్రం ఏళ్లుగా బిల్లుల్లోనే తిరుగుతోంది. దానికింకా అర్హత రాలేదు కాబోలు.