మహారాజశ్రీ మేనరికం గారికి

నమస్కారాలు. మొన్న ఆదివారం మీరు బెంగళూరు వస్తున్నట్టు ముందే చెబితే జ్వరం తెచ్చుకునేదాన్ని. "సంగటి, నాటుకోడి పులుసు చేశా, రావే" అని అక్క పిలిస్తే నమ్మి కె.ఆర్.పురం వెళ్లాను. (సిల్క్ బోర్డు ట్రాఫిక్కుకు వేరే ఉత్తరం రాస్తాను.) తీరా చూస్తే సోఫాలో చిన్న మామయ్య. కొత్త చొక్కా మీద 40 సైజు స్టిక్కరు ఇంకా పీకలేదు. చిన్నప్పుడు నా ముక్కు తుడిచి బడిలో దింపినవాడు, పాపం నా వంక చూడలేక టీవీ చూస్తున్నాడు.

పెద్ద మామయ్యను అక్కకిచ్చారు కాబట్టి మిగిలినవాడు నా వాటాకట!

"ఆస్తి బయటికి పోదు" అన్నాడు తాత. ఈ తాతే ఆవు ఎదకొస్తే ఇంట్లో పుట్టిన కోడెను దగ్గరికి రానివ్వడు. దూడలు బక్కచిక్కుతాయని డాక్టర్ని పిలిపించి వేరే జాతి సూది వేయిస్తాడు. పండిన మొక్కజొన్ననే మళ్లీ విత్తితే కండె చిన్నదవుతుందని ఏటా కొత్త ప్యాకెట్టు కొంటాడు. ఆవుకు వెతికినపాటి సంబంధం మనవరాలికి వెతకలేడా?

మీకు పలుకుబడి ఎక్కువని తెలుసు. దక్షిణాది ఆచారమని పాతకాలపు ధర్మశాస్త్రకారుడు బౌధాయనుడే రాశాడు. 1955 హిందూ వివాహ చట్టం కూడా వద్దంటూనే, ఆచారముంటే సరేనని మీకు దొడ్డిదారి వదిలింది. పైగా అమ్మమ్మా తాతా బావామరదళ్లే, పిల్లలంతా గుండ్రాళ్లు. ఆ ఒక్క సాక్ష్యంతోనే మా ఇంట్లో ప్రతిసారీ కేసు గెలుస్తున్నారు.

మామకూ నాకూ జన్యువుల్లో పావు వంతు ఉమ్మడి, మా ఇంట్లో ఇంకాస్త ఎక్కువే. లోపమున్న జన్యువు ఒకవైపు నుంచే వస్తే రెండోది కాపు కాస్తుంది. రెండువైపులా అదే వస్తే బిడ్డకు దిక్కెవరు? ఆస్తితో పాటు అదీ బయటికి పోదు.

అక్క కొడుక్కి పదేళ్లు. చెవి వెనక మిషను పెట్టుకుని, అన్నం కలుపుతూ అందరి పెదవులూ చూస్తున్నాడు. డాక్టరు కాగితం మీద గీసి మరీ చెప్పాడు, రెండువైపులా ఒకే లోపమని. ఇంట్లోవాళ్లు మాత్రం దేవుడి రాత అంటారు. దేవుడి మీదికి ఎందుకు తోస్తావు? నువ్వు రాశావు. సిగ్గులేకుండా మళ్లీ అదే ఇంటికి, అదే సోఫాలోకి వచ్చి కూర్చున్నావు!

వచ్చేటప్పుడు అక్క పులుసు డబ్బా చేతిలో పెట్టి, గేటు దాకా వచ్చి, "ఒప్పుకోకే" అంది. అంతే, లోపలికి వెళ్లిపోయింది.

డబ్బా తిరిగివ్వడానికి వచ్చే ఆదివారం వెళ్తున్నాను. నువ్వక్కడ కనబడొద్దు.