బ్రేకు పీకేసి స్వేచ్ఛ అంటారా?

అరవైకి నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి తన పింఛను సొమ్మును నూటికి నూరు పాళ్లూ షేర్లలోనే ఉంచుకోవచ్చు. 2025 అక్టోబరు 1 నుంచి జాతీయ పింఛను పథకం (ఎన్‌పీఎస్‌)లోని ప్రభుత్వేతర చందాదారులకు పింఛన్ల నియంత్రణ సంస్థ పీఎఫ్‌ఆర్‌డీఏ ఇచ్చిన వరమిది. వయసు మీదపడేకొద్దీ ఆ వాటా తగ్గి తీరాలన్న షరతు మాత్రం పెట్టలేదు. వరంగల్, హన్మకొండల్లో ప్రైవేటు కళాశాలల అధ్యాపకులకు, ఆస్పత్రుల సిబ్బందికి, చిన్న దుకాణదారులకు ముసలితనంలో ఆసరా అని చెప్పి అంటగట్టిన ఖాతా ఇది. యాభై దాటినవాళ్ల ముందు గడిచిన ఏళ్ల రాబడి పట్టిక పరిచి ‘ఇంకా బాండ్లలో ఎందుకు సార్?’ అని అడిగే ఏజెంట్లకు ఇంతకంటే ఏం కావాలి!

ఇది ఒక్క రోజులో జరిగింది కాదు. వాటాలను చందాదారే ఎంచుకునే యాక్టివ్ ఛాయిస్‌లో ఒకప్పుడు ఈక్విటీ, అంటే షేర్ల వాటా, 50 శాతం దాటకూడదు. 2018లో దాన్ని 75 చేశారు. అప్పుడైనా కాస్త భయం ఉండేది కాబట్టి 51వ ఏట నుంచి ఏటా రెండున్నర శాతం కోసి, 60 నాటికి 50కి దించాలని నియమం పెట్టారు. 2022లో ఆ కోతనే ఎత్తేశారు. 2025లో ఎంఎస్‌ఎఫ్ అనే కొత్త ఏర్పాటు కింద వచ్చిన విడి పథకాల్లో 75 కాస్తా 100 అయింది. ప్రతిసారీ వినిపించిన మాట ఒక్కటే: చందాదారుడి స్వేచ్ఛ. ప్రతి సడలింపూ తర్వాతి సడలింపుకు నజీరు అయింది. మా భయమల్లా ఈ వరస గురించే.

మనుషులు ఎక్కువ కాలం బతుకుతున్నారని, ధరలు పెరుగుతాయని, షేర్లు లేకుంటే పింఛను కరిగిపోతుందని వాదించేవాళ్లున్నారు. కాదనం. అందుకే అరవై నాటికీ పది, పదిహేను శాతం షేర్లలో ఉంచుకోమంటున్నాం.

లెక్క చూడండి. 2020 జనవరిలో 42 వేలు తాకిన సెన్సెక్స్ మార్చి 23న 26 వేల దిగువన ముగిసింది. ఆ ఒక్క రోజే 3,934 పాయింట్లు పోయాయి. రెండు నెలల్లో పతనం 38 శాతం. 40 లక్షల నిధి మొత్తం షేర్లలో ఉన్నవారికి మిగిలేది 24 లక్షల 80 వేలు. అదే 15 శాతమే షేర్లలో ఉంటే పోయేది 2 లక్షల 28 వేలు. 38 శాతం పడిన సొమ్ము మళ్లీ మొదటికి రావాలంటే 61 శాతం పెరగాలి. ఆ ఏడాది చివరికల్లా తిరిగి వచ్చింది కదా అంటారు. 2008 సంగతేంటి? ఆ జనవరిలో 21 వేలు దాటిన సూచీ 2009 మార్చికి 8 వేల చిల్లరకు పడింది. మళ్లీ 21 వేలు చూడడానికి 2010 నవంబరు వచ్చింది. ముప్పై ఏళ్లవాడికి ఆ మూడేళ్లు చవగ్గా యూనిట్లు కొనుక్కునే అదను. యాభై తొమ్మిదేళ్లవాడికి చందా కట్టే రోజులు అయిపోయాయి, కొనడానికి జీతమేదీ?

డబ్బు తీసుకోవడాన్ని 85 ఏళ్ల దాకా వాయిదా వేసుకోవచ్చన్నది నిజమే. బిడ్డ పెళ్లి వాయిదా పడుతుందా? ఇంటి అప్పు ఆగుతుందా? పైగా 2025 డిసెంబరులో ప్రభుత్వేతర చందాదారులు 80 శాతం దాకా ఒకేసారి తీసుకోవచ్చన్నారు. అంటే నిధిలో ఐదింట నాలుగు వంతులు తీసుకునే నాటి యూనిట్ ధర (ఎన్‌ఏవీ) మీదే ఆధారపడతాయి. ఒక చేత్తో ఆ రోజును అంత ముఖ్యం చేసి, ఇంకో చేత్తో ఆ రోజుకున్న కాపలా తీసేశారు!

ఇందులోని రెండు నాల్కల ధోరణి ఇంకా మండిస్తోంది. కేంద్ర ఉద్యోగి ఏమీ ఎంచుకోకపోతే అతని సొమ్ములో సింహభాగం బాండ్లలోకే వెళ్తుంది. అతనికిచ్చిన ఎంపికల్లో అన్నిటికన్నా దూకుడైన ఎల్‌సీ75 (వయసును బట్టి షేర్ల వాటా దానంతటదే తగ్గే పథకాల్లో ఒకటి) కూడా 35 ఏళ్ల వరకే షేర్లలో 75 శాతం. ఆ తర్వాత ఏటా తగ్గుతూ 55కి 15 దగ్గర ఆగుతుంది. ఎల్‌సీ50 అయితే ఏటా రెండేసి తగ్గి 10కి, ఎల్‌సీ25 ఒక్కొక్కటి తగ్గి 5కి. ఏటా పుట్టినరోజున వాటా దానంతటదే మారుతుంది, ఎవరూ గుర్తుచేయక్కర్లేదు. సర్కారు కొలువు చేసేవాడి సొమ్ముకు ఇంత జాగ్రత్త, ప్రైవేటు లెక్చరర్ సొమ్ముకు నీ స్వేచ్ఛ నీది! కల్లంలో మిర్చి ఆరబోసిన రైతు మబ్బు పట్టగానే ఎనుమాముల మార్కెట్ రేటు అడగడు, పరదా కప్పుతాడు. ఆ పరదా కొందరికే ఎందుకు?

నియంత్రణ సంస్థ మేలుకునేదాకా చందాదారులే మేలుకోవాలి. పని చిన్నదే. ప్రాన్ అనే మీ పింఛను ఖాతా నంబరుతో, ఖాతాల లెక్కలు చూసే సీఆర్‌ఏ సైటులోకి వెళ్లి స్కీమ్ ప్రిఫరెన్స్ మార్పు ఎంచుకుని ఓటీపీ కొట్టాలి. ఈ మార్పు మీద పన్ను లేదు. యాక్టివ్ ఛాయిస్‌లో వాటాలను ఆర్థిక సంవత్సరానికి నాలుగుసార్లు మార్చుకోవచ్చు. మార్చింది రాబోయే చందాకే కాదు, ఇప్పటిదాకా పోగైన మొత్తానికీ వర్తిస్తుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. 75 శాతంతో యాభైలో మొదలుపెట్టినవారు ఏటా ఆరు శాతం తగ్గిస్తే అరవైకి 15కి చేరతారు. యాభై ఐదులో కళ్లు తెరిస్తే ఏడాదికి నాలుగు విడతలు, విడతకు మూడు శాతం. యాభై ఎనిమిదిలో అయితే విడతకు ఏడున్నర. మార్కెట్ పడ్డాక గాభరాపడి ఒకే దెబ్బకు అంతా మార్చేయడం మాత్రం వద్దు, కాగితం మీది నష్టాన్ని ఖాయం చేసుకోవడమే అవుతుంది. అలాగే ఒకసారి వాటా పెట్టి మరిచిపోతే అది అక్కడే ఉండదు. షేర్లు బాగా పెరిగిన ఏడాదిలో 60 అని పెట్టింది 65 దాటొచ్చు.

జీ ఫండ్ అంటే బ్యాంకు ఎఫ్‌డీ అనుకునేవాళ్లకూ ఒక మాట. అందులో ఉండేవి దీర్ఘకాలిక ప్రభుత్వ బాండ్లు. అసలుకు సర్కారు పూచీ ఉన్నా, వడ్డీ రేట్లు పెరిగితే వాటి ధర పడుతుంది. డ్యూరేషన్ (రేటు మారితే ధర ఎంత కదులుతుందో చెప్పే కొలత) ఏడేళ్లున్న ఫండ్ విలువ, వడ్డీ రేటు ఒక్క శాతం పెరిగితే ఏడు శాతం దాకా తగ్గుతుంది. 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి లోపు రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 నుంచి 6.5 శాతానికి ఎగబాకినప్పుడు బాండ్లను నమ్ముకున్నవారికీ ఆ సెగ తగిలింది. రిటైరయ్యాక మొదటి రెండేళ్ల ఇంటిఖర్చు బ్యాంకులో విడిగా ఉంచుకోవాల్సింది అందుకే.

ఇవన్నీ ప్రతి చందాదారుడూ చదువుకుని, గుర్తుపెట్టుకుని, ఏడాదికి నాలుగుసార్లు సైటు తెరిచి చేసుకోవాలట. అలా చేయగలిగేవాళ్లయితే నియంత్రణ సంస్థ దేనికి? మేం అడిగేది నిషేధం కాదు. యాభై దాటగానే కోత దానంతటదే మొదలుకావాలి. వద్దనుకున్నవాళ్లు, ఎంత పోవచ్చో రూపాయల్లో రాసి ఉన్న కాగితం మీద సంతకం పెట్టి వద్దనాలి. దీనికి కమిటీలు, కన్సల్టేషన్ పేపర్లు అక్కర్లేదు. 2018లో తామే రాసి, నాలుగేళ్లకే తామే కొట్టేసిన నియమం దస్త్రాల్లోనే ఉంది. దుమ్ము దులిపి తీయండి.