పిల్లి పంజాలో తాళాల గుత్తి

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా పిల్లి బుజ్జమ్మకి ఫిట్స్ వచ్చాయి. ఈ రోగం కనిపెట్టింది నేనూ కాదు, పశువుల డాక్టరూ కాదు. పంచదార కోసం గిన్నె పట్టుకొచ్చిన ఎదురింటి పిన్నిగారు.

బుజ్జమ్మ సోఫాలో ఒరిగి నిద్రపోతోంది. మీసాలు అదురుతున్నాయి, ముందుకాళ్లు కొట్టుకుంటున్నాయి, మూసిన రెప్పల కింద కనుగుడ్లు తిరుగుతున్నాయి. పిన్నిగారు కేక పెట్టి, బొడ్లోంచి తాళాల గుత్తి తీసి దాని పంజాలో పెట్టబోయారు. ఆ కేకకి మూడో అంతస్తు మొత్తం మా హాల్లోకి దిగింది.

వెంటనే శాస్త్రచర్చ మొదలైంది. తాళాలు కుడి పంజాలో పెట్టాలా, ఎడమ పంజాలోనా? ఆడది కాబట్టి ఎడమేనని రిటైర్డ్ హెడ్మాస్టారు తేల్చారు. ఒకాయన ఉత్సాహంగా కారు తాళం ఇస్తే, "అది ప్లాస్టిక్కండీ, ఇనుముండాలి" అని తిప్పికొట్టారు. గుత్తిలో రెండు ఇత్తడివి ఉన్నాయని ఇంకొకరికి టెన్షన్. ఎవరో ఉల్లిపాయ కోసుకొచ్చారు. ఈ గోలకి బుజ్జమ్మ కళ్లు తెరిచి, ఇంతమందినీ ఒకసారి చూసి, ఆవులించింది. "తగ్గింది!" అన్నారు అందరూ. ఇనుము మహిమ.

నేను చెప్పబోయాను. పిల్లి రోజుకి 12 నుంచి 16 గంటలు పడుకుంటుందండీ, అందులో చాలాభాగం కునుకే, అప్పుడు కూడా చెవులు చప్పుడు వైపు తిరుగుతూనే ఉంటాయి. గాఢంగా కలల నిద్రలోకి జారితే మెదడు మెలకువలో ఉన్నట్టే పనిచేస్తుంది, ఒంట్లో కండరాలు మాత్రం పట్టు వదిలేస్తాయి. అప్పుడప్పుడూ మీసంలోనో పంజాలోనో కనబడేది ఆ చిన్న అదురు. ఫ్రాన్స్‌లో లియోన్ నగరంలో మిషెల్ జువే అనే ఆయన 1959లోనే పిల్లుల మీద ఇది చూపించాడు. తర్వాత కండరాల్ని అలా ఆపి ఉంచే మెదడు భాగాన్ని దెబ్బతీసి చూస్తే, పిల్లులు నిద్రలోనే లేచి, లేని ఎలుక మీదికి దూకాయి. (ఆ పిల్లుల్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.) నిజంగా ఫిట్సే అయితే ఒళ్లు బిగుసుకుంటుంది, చొంగ కారుతుంది, పిలిచినా లేవదు అని కూడా చెప్పాను. హెడ్మాస్టారు జాలిగా చూశారు.

అప్పుడు పిన్నిగారు అన్నారు: "మా పనమ్మాయి కొడుక్కీ ఇలాగే తాళాలు పెట్టి, పళ్ల మధ్య చెంచా దూర్చాం. రెండు నిమిషాల్లో తగ్గిపోయింది."

ఇక్కడితో నా నవ్వు ఆగిపోయింది. రెండు నిమిషాల్లో తగ్గింది తాళాల వల్ల కాదు తల్లీ, చాలా ఫిట్స్ వాటంతటవే ఆ పాటికి ఆగుతాయి! మీరు దూర్చిన చెంచాకి పిల్లాడి పన్ను ఊడి గొంతులో పడితే ఎవరు తీసేవారు? పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టాలి, నోట్లో ఏదీ పెట్టకూడదు, గడియారం చూడాలి, 5 నిమిషాలు దాటితే ఆసుపత్రికి పరిగెత్తాలి. అంతే. దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఆ రోజు చుట్టూ నిలబడ్డవాళ్లలో ఇద్దరు ఇంజినీర్లట, అది వేరే సంగతి. డాక్టరుకి చూపించారా, మందులు వాడుతున్నాడా అని అడిగాను.

"ఎందుకూ? మెళ్లో తాళంచెవి కట్టాంగా."

అందర్నీ బయటికి పంపేశాను. పంచదార కూడా ఇవ్వలేదు.

పది నిమిషాలకి మళ్లీ తలుపు చప్పుడు. పిన్నిగారు ఇంటికి తాళం వేసి వచ్చారట, గుత్తి మా సోఫాలోనే వదిలేశారట. వెళ్లి చూస్తే బుజ్జమ్మ సరిగ్గా దానిమీదే పడుకుని ఉంది. ఒక చెవి గుమ్మం వైపు తిరిగింది, మీసాలు అదురుతున్నాయి.

"ఫిట్స్‌లో ఉంది పిన్నిగారూ, తాళాలు తీయకూడదు" అని తలుపేశాను.