ఆపరేషన్ గదిలో పంచాంగం

విజయవాడ గవర్నరుపేటలో గత వారం ఇంటింటికీ పంచిన ఒక ప్రసూతి ఆసుపత్రి కరపత్రం మా ముందు ఉంది. సాధారణ కాన్పుకు ఇంత, సిజేరియన్‌కు ఇంత, ఏసీ గదికి ఇంత అని వరుసగా రాసిన ధరల కింద, ఎర్ర అక్షరాల్లో మరో వాక్యం కనిపిస్తుంది: ‘కోరిన శుభ లగ్నమునకు సిజేరియన్ చేయు సదుపాయము కలదు.’ దాని దిగువన డాక్టరు గారి డిగ్రీలు, వాటి పక్కనే ఒక సిద్ధాంతి గారి సెల్‌ఫోన్ నంబరు. ఇన్నాళ్లూ తెలిసిన డాక్టరును బతిమాలుకొని గుట్టుగా జరిపించుకున్న వ్యవహారం ఇప్పుడు దర్జాగా ధరల పట్టీలోకి ఎక్కింది. జనం ముహూర్తాలు నమ్ముతున్నారన్నది వార్త కాదు. వైద్యం చదివిన చేతులు ఆ నమ్మకానికి వెలకట్టి అమ్మకానికి పెట్టడమే మమ్మల్ని కలవరపెడుతున్నది.

ముహూర్తపు సిజేరియన్ మన నగరాలకు కొత్త కాదు. సూర్యారావుపేటలోనైనా, గుంటూరు కొత్తపేటలోనైనా ఏ కాన్పుల ఆసుపత్రి వరండాలో కూర్చున్నా అరగంటలో ఆ ముచ్చట చెవిన పడుతుంది. మూల నక్షత్రం రాకముందే బిడ్డను తీయాలని ఒకరు, అమావాస్య దాటాకే తీయాలని ఒకరు, గ్రహణం నీడ పడకూడదని ఇంకొకరు పట్టుబడతారు. నాలుగు మూలలా పసుపు రాసిన చీటీ ఒకటి కేస్ షీట్‌కు గుచ్చి ఉంటుంది. దానిమీద నక్షత్రం, పాదం, లగ్నం, గంటలు, నిమిషాలు ఉంటాయి. బిడ్డ బయటపడిన క్షణాన్ని లెక్కలోకి తీసుకోవాలా, తొలి ఏడుపు వినిపించిన క్షణాన్నా అన్న శాస్త్రచర్చ డ్యూటీలో ఉన్న నర్సుతోనే జరిగిపోతుంది. 2024 జనవరి 22న, అయోధ్యలో ప్రాణప్రతిష్ఠ జరిగే రోజునే కాన్పు చేయాలని ఉత్తరప్రదేశ్‌లో పలు కుటుంబాలు డాక్టర్లను కోరిన సంగతి కూడా పాఠకులకు గుర్తుండే ఉంటుంది గనుక ఇది మన ఒక్క ప్రాంతపు జాడ్యమని అనలేం. అయినా మన లెక్కలు మనవి. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లయితే ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 42.4. మన ప్రభుత్వాసుపత్రుల్లో అది 26.6 కాగా ప్రైవేటు ఆసుపత్రుల్లో 63. ఇందులో పంచాంగం వాటా ఎంతో తేల్చాలంటే కేస్ షీట్లలో అసలు కారణం రాసి ఉండాలి. అక్కడ ‘లగ్నబలం’ అని ఎవరూ రాయరు. ‘ఉమ్మనీరు తగ్గింది’ అనో, ‘బిడ్డ మెడకు పేగు చుట్టుకుంది’ అనో రాసిపెడతారు.

విశ్వాసం వ్యక్తిగతమని, రాజ్యాంగం 25వ అధికరణం ఆ స్వేచ్ఛను ఇచ్చిందని, డబ్బు పెట్టుకునేవారికి లేని బాధ ఇతరులకెందుకని కొందరు అంటారు. నిత్యం రాశిఫలాలు అచ్చు వేసే పత్రికలకు ఈ నీతులు చెప్పే హక్కెక్కడిదని కూడా అడగవచ్చు. సబబైన ప్రశ్నే. అయితే రాశిఫలం చదివినవారు నవ్వుకొని పేజీ తిప్పేయగలరు. పొత్తికడుపు మీద పడిన కోతను తిప్పేయడం కుదరదు.

ఇంత చదువు, ఇన్ని స్కానింగులు, చేతిలో ఇన్ని ఫోన్లు వచ్చాక కూడా మనిషి ఎందుకు నమ్ముతున్నాడని ఆశ్చర్యపోయేవారు, ముందు ఆ మనిషి ఏ గడియలో నమ్ముతున్నాడో గమనించాలి. వంద ఏళ్ల కిందట పసిఫిక్ మహాసముద్రంలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ గమనించిన సంగతి ఒకటుంది. తీరానికి ఆనుకొని ప్రశాంతంగా ఉండే నీళ్లలో చేపలు పట్టేటప్పుడు ఏ మంత్రమూ చదవని జాలర్లు, నడిసముద్రంలోకి వెళ్లే ముందు మాత్రం విస్తారంగా తంతులు జరిపేవారు. తన చేతిలో ఉన్నదానికి మనిషి నైపుణ్యాన్ని నమ్ముకుంటాడు, చేయి దాటిపోయినదానికి దేవుణ్ని తలుచుకుంటాడు. 2021లో నల్ల తామర పురుగు మిరప తోటలను ఊడ్చిపెట్టినప్పుడు గుంటూరు, పల్నాడు రైతులు మందుల దుకాణాల చుట్టూ తిరిగారు, ఊరి పొలిమేర దేవతకూ మొక్కుకున్నారు. పురుగు పోతుందో లేదో, పోయినా యార్డులో ధర నిలుస్తుందో లేదో, ధర నిలిచినా అప్పు తీరుతుందో లేదో తెలియని రైతు కట్టుకున్న ముడుపును వెక్కిరించడానికి మాకు నోరు రాదు.

పురిటి గది కూడా ఒకప్పుడు నడిసముద్రమే. తల్లి బతికి బయటపడితే పునర్జన్మ ఎత్తినట్టేనని మన ఇళ్లలో ఊరికే అనలేదు. ఆ భయం ఇంకా మన ఒంట్లోంచి పోలేదు, కానీ సముద్రం మాత్రం చాలావరకు తీరానికి వచ్చింది. 2018-20 నమూనా నమోదు సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి లక్ష సజీవ జననాలకు మాతృమరణాలు 45. దేశ సగటు 97. రక్తనిధులు, యాంటీబయాటిక్స్, గర్భిణిని నెలనెలా తూకం వేసి రక్తపోటు చూసే ఆశా కార్యకర్తలు, ఏఎన్‌ఎంలు, వేళకు అందే అంబులెన్సు కలిసి సాధించిన ఫలితం అది. చిత్రమేమంటే, కాన్పు సుఖంగా జరిగితే కీర్తి లగ్నానికి పోతుంది, తేడా జరిగితే నింద ఆసుపత్రి మీద పడుతుంది. ఈ అన్యాయం మీద డాక్టర్లకు కోపం రావాలి. అలాంటిది, ఆ కీర్తిని లగ్నానికి తామే దగ్గరుండి అప్పగిస్తున్నారు.

ఇక్కడే మా అభ్యంతరం. భయపడే కుటుంబం నమ్మడానికి కారణం ఉంది. డాక్టరుకు ఆ కారణం లేదు. వైద్యపరమైన అవసరం లేనప్పుడు 39 వారాలు నిండకుండా సిజేరియన్ చేయకూడదన్నది ప్రసూతి వైద్యం చదివిన ప్రతివారికీ తెలిసిన పాఠం. నొప్పులు వచ్చేటప్పుడు తల్లీబిడ్డల శరీరాల్లో విడుదలయ్యే హార్మోన్లు బిడ్డ ఊపిరితిత్తుల్లోని నీటిని ఖాళీ చేయిస్తాయి. నొప్పులే రాకుండా, నెలలు పూర్తిగా నిండకుండా బయటికి తీసిన బిడ్డ ఆయాసపడే ప్రమాదం ఎక్కువ. ఆయాసపడితే పసిపిల్లల ఐసీయూలో పెట్టెలోకి వెళ్లవలసి రావచ్చు. ఆ బిల్లు మళ్లీ వేరు. ఒకసారి గర్భాశయం మీద మచ్చ పడితే తర్వాతి కాన్పులో మాయ ఆ మచ్చకు అతుక్కుపోయి ప్రాణాంతకమైన రక్తస్రావానికి దారితీసే ప్రమాదం పెరుగుతుందనీ, కోతల సంఖ్య పెరిగినకొద్దీ ఆ ప్రమాదమూ పెరుగుతుందనీ డాక్టర్లకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. బ్రాహ్మీ ముహూర్తమని తెల్లవారుజామున నాలుగింటికి మత్తు డాక్టరును నిద్ర లేపి తెప్పించడం వల్ల ఎవరికి మేలో వారికే తెలియాలి. దీనికి రెండో వైపు ఇంకా భయంకరమైనది. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతున్నదని మానిటర్ చూపుతున్నా ‘వర్జ్యం ఇంకో నలభై నిమిషాలుంది, కాస్త ఆగండి’ అని బంధువులు అనడం, అది విని డాక్టరు ఆగడం. ‘అడిగారు గనుక ఆగాం’ అన్నది ఏ వైద్య గ్రంథంలోనూ లేని కారణం.

జ్యోతిషాన్ని మనసారా నమ్మేవారు సైతం ఒక్క క్షణం ఆలోచించాలి. పూర్వజన్మ కర్మను అనుసరించే జనన సమయం నిర్ణయమవుతుందని, జాతకం దానికి అద్దమని ఆ శాస్త్రమే చెబుతున్నది. మరి అడ్వాన్సు కట్టి, థియేటర్ బుక్ చేసి ఆ సమయాన్ని మార్చుకోగలిగితే కర్మ ఎవరి ఖాతాలోకి పోయినట్టు? పెద్దలు జాతకం రాయించింది పుట్టిన గడియను బట్టి. గడియను బట్టి పుట్టించడం వారు ఎరిగిన సంప్రదాయం కాదు, ఈ తరంలో ఆపరేషన్ థియేటర్ చలవతో పుట్టిన వ్యాపారం. దీనికి సంప్రదాయం పేరు తగిలించడం సంప్రదాయానికే అవమానం.

చదువు పెరిగితే ఇవన్నీ వాటంతటవే పోతాయన్న ఆశ ఎంత బోలుదో 2021 జనవరిలో మదనపల్లె చూపించింది. ఉన్నత విద్యావంతులైన తల్లిదండ్రులే, మళ్లీ బతికి వస్తారన్న నమ్మకంతో, ఎదిగిన ఇద్దరు కూతుళ్లను చంపుకున్నారని పోలీసులు చెప్పినప్పుడు రాష్ట్రం నిర్ఘాంతపోయింది. నిర్ఘాంతపోవడంతోనే సరిపెట్టుకుంది. శాస్త్రాన్ని ఎంసెట్ ర్యాంకుగా, సీటుగా, జీతంగా మాత్రమే చూడడం నేర్పిన చదువులు ఇంతకంటే ఏమిస్తాయి? కార్పొరేట్ కాలేజీల అడ్డాగా మారిన విజయవాడ, గుంటూరులకూ ఆ ప్రశ్న మరీ దగ్గరిది. న్యూటన్ సూత్రాన్ని నిమిషంలో అప్పజెప్పే పిల్లవాడు, హాల్‌టికెట్‌ను అమ్మవారి పాదాల దగ్గర పెట్టడానికి ఇంద్రకీలాద్రి మెట్లెక్కితే తప్పు పట్టనక్కర్లేదు. కానీ ఒక మాటను నమ్మే ముందు దానికి రుజువేమిటని అడగడం ఆ పిల్లవాడికి పన్నెండేళ్ల చదువులో ఎవరైనా నేర్పారా?

నేర్పవలసిన పెద్దలు ఏం చేస్తున్నారో చూద్దాం. చంద్రయాన్-3 ప్రయోగానికి ముందు ఇస్రో శాస్త్రవేత్తలు రాకెట్ నమూనాతో తిరుమల వెళ్లి, కెమెరాల సాక్షిగా దర్శనం చేసుకున్నారు. వారి భక్తి వారిది. అయితే 2023 జూలై 14న రాకెట్ మధ్యాహ్నం 2.35 గంటలకు లేచింది భూమి, చంద్రుల స్థానాలను బట్టి వేసిన లెక్క ప్రకారమే తప్ప ప్రసాదం తెచ్చిన వేళను బట్టి కాదు. దండం పెట్టుకున్నవారు కూడా గణితాన్ని దేవుడికి వదిలేయలేదు. మన ప్రసూతి డాక్టర్లు ఆ పాటి గీతనైనా గీసుకోలేకపోతున్నారు. ప్రభుత్వాలు అంతకంటే ముందున్నాయి. అమరావతి ప్రణాళికలో వాస్తు అనుకూలత గురించి ప్రపంచస్థాయి వాస్తుశిల్పులతో చర్చించిన పాలకులు, మంత్రివర్గ ప్రమాణాలకు ముహూర్తం అడిగి సచివాలయ గదుల్లో గోడలు కూల్చి తలుపులు మార్పించే మంత్రులు, 51ఎ(హెచ్) అధికరణం కింద శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించడం పౌరుల విధి అని ఏ ముఖంతో చెబుతారు? 1976లో రాజ్యాంగంలో చేర్చిన ఆ వాక్యం ఈ దేశంలో పాఠ్యపుస్తకం అట్ట వెనుక అచ్చుకు తప్ప దేనికీ పనికిరాకుండా పోయింది. మంత్రి గారికి మంచి గడియ కావాలి, కలెక్టరు గారి గృహప్రవేశానికి కావాలి. గర్భిణి అడిగితేనే అది మూఢనమ్మకమా? ఈ ద్వంద్వనీతిని సామాన్యుడు ఎప్పుడో పసిగట్టాడు. పెద్దలు నోటితో చెప్పేది వదిలేసి, చేతితో చేసేదే నేర్చుకున్నాడు.

ఈ గడ్డకు ఇంతకంటే మంచి వారసత్వం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడడానికి ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ ఏరికోరి వచ్చింది గుంటూరుకు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని ఆయన ఇక్కడ నుంచే విశ్లేషించి, మర్నాడు గ్రహణం లేకుండానే వాటిని మళ్లీ చూడగలిగాడు. అదే గ్రహణాన్ని మచిలీపట్నం నుంచి మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ పరిశీలించాడు. హీలియం మూలకం కథ మొదలైంది ఆ గ్రహణంతోనే. ఆ గుంటూరులోనే ఇవాళ గ్రహణానికి ముందురోజు ఆపరేషన్ థియేటర్లు కిటకిటలాడుతున్నాయి. వృక్షశాస్త్రం బోధిస్తూ, తన నాస్తికత్వాన్ని దాచుకోనందుకు ఉద్యోగం పోగొట్టుకున్న గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించి, 1947లో విజయవాడ పటమటకు తరలించారు. నిప్పుల మీద నడకలో మహిమ లేదని ఆ కేంద్రం వారు నిప్పుల మీద నడిచే చూపించారు. గోరాతో ఏకీభవించనక్కర్లేదు, ఆస్తికులైన పాఠకులే మాకు ఎక్కువ. ఆయన నమ్మిన మాట కోసం జీతం వదులుకున్నారని మాత్రం గుర్తు చేస్తున్నాం. మన డాక్టర్లు నేర్చుకున్న మాట కోసం ఒక్క పేషెంటును వదులుకోలేకపోతున్నారు.

‘జనం అడుగుతున్నారు, మేం చేయకపోతే పక్క ఆసుపత్రిలో చేస్తారు’ అన్న సమాధానం మేం ఇదివరకు విన్నదే. కడుపులో ఉన్నది ఆడో మగో స్కానింగులో చూసి చెప్పిన రోజుల్లోనూ అచ్చంగా ఇదే మాట అన్నారు. అప్పుడూ కరపత్రాలు వేశారు, అప్పుడూ కుటుంబం ఇష్టమన్నారు. 1994లో పార్లమెంటు చట్టం చేసేదాకా వైద్యరంగం తనంతట తాను ఆ దుకాణాన్ని కట్టేయలేదు. చట్టం వచ్చాక కూడా దొడ్డిదారి తెరిచే ఉంచినవారున్నారు. ఇవాళ లగ్నం అడిగితే ఇచ్చినవారు రేపు పుత్ర సంతాన యోగం అడిగితే ఏమంటారు? ఏ రోజు కోయాలో ఆపరేషన్ గది బయట కూర్చున్న సిద్ధాంతి నిర్ణయించవచ్చని ఒకసారి ఒప్పుకున్నాక, ఎప్పుడు కోయకూడదో కూడా ఆయనే నిర్ణయిస్తాడు. దానికి అభ్యంతరం చెప్పే నైతిక అర్హత ఆ ఆసుపత్రికి మిగలదు.

మహారాష్ట్ర 2013లో, కర్ణాటక 2017లో మూఢాచారాల మీద చట్టాలు చేశాయి. మహారాష్ట్రలో ఆ చట్టం కోసం పోరాడిన నరేంద్ర దభోల్కర్ హత్యకు గురయ్యాక గానీ పని కదలలేదు. మన శాసనసభకు అలాంటి సమగ్ర చట్టం ఊసే లేదు. అది వచ్చేదాకా ఆగనక్కర్లేదు. ప్రైవేటు వైద్య సంస్థల నియంత్రణకు 2002లోనే రాష్ట్రం చేసుకున్న చట్టం ఉంది. ప్రతి సిజేరియన్‌కూ కారణాన్ని నమోదు చేయించి, తొలి కాన్పా, నెలలు నిండాయా, నొప్పులు వాటంతటవే వచ్చాయా వంటి వివరాలను బట్టి కాన్పులను విడదీసే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రాబ్సన్ వర్గీకరణను పాటింపజేసి, ఆసుపత్రులవారీగా ఆ లెక్కలు ప్రజల ముందు పెట్టవచ్చు. 39 వారాలు నిండకుండా, నొప్పులు రాకుండా చేసిన కోతల కేస్ షీట్లను ఇంకో ఇద్దరు నిపుణులతో పరిశీలింపజేయవచ్చు. ధరల పట్టీలో లగ్నం అమ్మే ఆసుపత్రికి కనీసం ఒక నోటీసు ఇవ్వవచ్చు. ఆ కరపత్రం నగరంలో వారం రోజులుగా చేతులు మారుతున్నది. వైద్య మండలి నోరు మెదపలేదు, డాక్టర్ల సంఘం నోరు మెదపలేదు. జిల్లా వైద్య ఆరోగ్యాధికారి దాన్ని ఇంకా చూడలేదనుకోవాలా, లేక చూసి, నోటీసు మీద సంతకం పెట్టడానికి దుర్ముహూర్తం దాటేదాకా ఆగుతున్నారనుకోవాలా?