వారంలో డ్యూటీకి వెళ్లిపోవచ్చట!

మా ట్రాన్స్‌మెన్ (పుట్టినప్పుడు ఆడపిల్లలన్నా మగవాళ్లుగా బతికేవాళ్లం) వాట్సాప్ గ్రూపుల్లో ఓ వాయిస్ మెసేజ్ తెగ తిరుగుతోంది. టాప్ సర్జరీకి, అంటే రొమ్ములు తీసి ఛాతీని చదును చేసే ఆపరేషన్‌కి, వెళ్లేవాళ్లకి సలహాలట. "ఇంట్లో ఏర్పాట్లేం అక్కర్లేదు, వారంలో డ్యూటీకి వెళ్లిపోవచ్చు. పాత బైండరే (ఛాతీ చదునుగా కనిపించేలా బిగించే లోదుస్తు) వేసుకోండి. పప్పు, గుడ్డు, మాంసం ముట్టుకోవద్దు, చీము పడుతుంది. గొట్టంలో (కోత లోపల చేరే రక్తం, నీరు బయటికి రావడానికి పెట్టేది) ఎర్రగా కనబడితే కుట్లు ఊడినట్టే. సిగరెట్ ఆపరేషన్ రోజు మానితే చాలు. తోడు కూడా అవసరం లేదు." గొంతులో ధీమా చూసి నమ్మేస్తున్నారు. ఆ ఆపరేషన్ చేయించుకుని గాజువాకలో మా ఇంట్లోనే కోలుకున్నవాణ్ణి కాబట్టి ఊరుకోలేకపోతున్నాను.

ఏర్పాట్ల సంగతి ముందు. కోత ఛాతీకే అయినా పనికిరాకుండా పోయేవి చేతులు. రెండు కోతల పద్ధతిలో చేస్తే కుట్లు దాదాపు చంకల దాకా వెళ్తాయి. చెయ్యి పైకెత్తితే ఆ కుట్లే లాగుతాయి. అందుకే కొన్ని వారాలు మోచేయి భుజం దాటనివ్వొద్దని, నాలుగు నుంచి ఆరు వారాలు బరువులు ఎత్తొద్దని సర్జన్లు చెబుతారు. ఇక మన ఇళ్లు చూడండి. బట్టలారేసే తీగ తలకి పైన. కారం, పసుపు డబ్బాలు పై అరలో. దుప్పట్లు అటక మీద. మంచినీళ్ల క్యాన్ ఇరవై కిలోలు. గ్యాస్ బండలో గ్యాసే 14.2 కిలోలు, ఇనుము బరువు వేరే. ఆపరేషన్‌కి ముందు వారం ఇవన్నీ నడుముకీ ఛాతీకీ మధ్య ఎత్తులోకి దించేశాను. బాత్‌రూమ్ తలుపు పై గడియ మాత్రం మర్చిపోయాను. ఇంటికొచ్చిన మొదటి రాత్రి అమ్మని తలుపు బయట కాపలా పెట్టాల్సి వచ్చింది.

పడక కూడా అంతే. చాప మీంచి లేవాలంటే అరచేతులు నేలకి ఆనించి నొక్కాలి. అందుకని తాతయ్య పడక కుర్చీ దుమ్ము దులిపాం. తల వైపు ఎత్తుగా, వెల్లకిలా నిద్ర. లేచేటప్పుడు ఎవరో ఒకరు వీపు వెనక చెయ్యి వేయాల్సిందే. అలాగని రోజంతా పడుకోమని కాదు. రక్తం గడ్డకట్టకుండా మొదటి రోజు నుంచే ఇంట్లో మెల్లగా నడవాలి.

వారంలో డ్యూటీయా? కుర్చీలో కూర్చుని చేసే పనైతే కొందరు వారం, రెండు వారాల్లో వెళ్తారు. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసేవాడికీ భోజనం బ్యాగులు మోసేవాడికీ ఆ లెక్క ఎలా కుదురుతుంది? హైదరాబాద్‌లో చేయించుకుని రైల్లో వైజాగ్ వచ్చేవాళ్లకి ఇంకో మాట. లోయర్ బెర్త్ ఖాయమయ్యాకే బయల్దేరండి. పై బెర్తు ఎక్కాలంటే ఒంటి బరువంతా చేతుల మీదే.

పాత బైండర్ చాలావరకు తల మీంచి తొడుక్కునేదే. చేతులెత్తకుండా ఎలా తొడుగుతారో ఆ మెసేజ్ పెట్టినవాడే చెప్పాలి. సర్జన్ రాసేది ముందు జిప్పో హుక్కులో ఉన్న కంప్రెషన్ వెస్ట్, అంటే ఛాతీని అదిమి ఉంచే బిగుతు బనియన్. మన సముద్రపు ఉక్కకి రెండు కొనండి, ఒకటి ఆరుతుంటే ఇంకోటి ఒంటి మీద ఉంటుంది.

పథ్యం దగ్గర మా ఇంట్లోనూ గొడవే. అమ్మ బీరకాయ, వెల్లుల్లి కారప్పొడి మొదలుపెట్టింది. "అమ్మా, ఇది బాలింత పథ్యం, నేనేం కనలేదు" అంటే "కోత కోతే కదా నాన్నా" అంది. నవ్వితే కుట్లు లాగాయి. చీము పట్టేది బ్యాక్టీరియా వల్ల, కందిపప్పు వల్ల కాదు. గాయం మానాలంటే ప్రొటీన్ కావాలి, పప్పు, గుడ్డు, చేప మానేస్తే అది ఎక్కడినుంచి వస్తుంది? అసలు జాగ్రత్త పడాల్సింది మలబద్ధకం గురించి, కొన్ని నొప్పి మాత్రలు అది తెస్తాయి. నీళ్లు, ఆకుకూరలు, అరటిపండు పెంచండి.

గొట్టంలో మొదట ఎరుపే వస్తుంది. రోజులు గడిచే కొద్దీ గులాబీ రంగుకి, తర్వాత పసుపు ఛాయకి తిరుగుతుంది. గొట్టం చివర ఉండే మెత్తటి బల్బుని ఖాళీ చేశాక నొక్కి గాలి తీసి మూత పెట్టాలి, అప్పుడే లోపలిది లాగుతుంది. ఎన్ని మిల్లీలీటర్లు వచ్చిందో, ఎప్పుడు తీశారో నోట్‌బుక్‌లో రాయండి. గొట్టం ఎప్పుడు తీయాలో సర్జన్ తేల్చేది చాలావరకు ఆ లెక్క చూసే. బల్బుల్ని నేను ఆఫీసు ఐడీ కార్డు ట్యాగుకి తగిలించుకుని తిరిగాను. భయపడాల్సిన సంగతులు వేరే: ఒక పక్క హఠాత్తుగా ఉబ్బి బిగుసుకోవడం, బల్బు గబగబా రక్తంతో నిండటం, జ్వరం, ఆయాసం, పిక్క వాపు. ఇవి కనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

సిగరెట్ కొన్ని వారాల ముందే మానాలి, తర్వాతా ముట్టకూడదు. నికోటిన్ రక్తనాళాల్ని బిగిస్తుంది. తీసి తిరిగి అతికించిన చనుమొనలకి రక్తం అందకపోతే అవి నిలవవు.

తోడు అక్కర్లేదన్న మాటకే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఇంట్లో చెప్పుకోలేనివాళ్లు మనలో ఎందరో, ఆ కష్టం తెలుసు. అయినా మొదటి రెండు మూడు రోజులు గదిలో ఒక మనిషి ఉండాలి, అక్కో, రూమ్మేటో, ఎవరైనా. అలాంటి మనిషి దొరికేదాకా తేదీని వెనక్కి జరుపుకోమంటాను. దొరికాక ముందు చేయించాల్సిన పని, బాత్‌రూమ్ తలుపుకి నడుము ఎత్తులో ఇంకో గడియ బిగించడం.