ముద్ర పడలేదన్న మాటకు కాగితం ఉందా?

కుప్పం వైపు గ్రానైటు క్వారీల్లో రాయి కొట్టే చేతులకు, పలమనేరు పక్కన టమాటా తోటల్లో కలుపు తీసే చేతులకు వేలిగీతలు అరిగిపోతాయి. రేషన్ స్టోరులో ఆధార్ వేలిముద్రను సరిచూసే ఈ-పాస్ మిషన్ మీద వేలు పెడితే, "ముద్ర పడలేదు, రేపు రా పెద్దమ్మా" అంటారు. రేపూ పడదు. మనిషికి 5 కిలోల చొప్పున రావాల్సిన బియ్యం పోతాయి, రెండు రోజుల కూలీ పోతుంది. ఇన్నాళ్లూ దీన్ని మిషన్ లోపమనే సరిపెట్టుకుంటున్నాం. నిజానికి ఇది ఆహార భద్రత చట్టం ఇచ్చిన హక్కును లాక్కోవడమే. దీనిమీద కోర్టుకు వెళ్లొచ్చు, వెళ్లాలి కూడా. కానీ ఒంటరిగా వెళ్తే ఉపయోగం తక్కువ.

ఒక్క పెద్దమ్మ పేరుతో హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్ (హక్కు కాపాడమని వేసే పిటిషన్) వేశారనుకుందాం. నోటీసు అందగానే ఆమె ఇంటికి బియ్యం వచ్చేస్తాయి. "సమస్య తీరింది కదా" అని ప్రభుత్వ న్యాయవాది చెబుతారు, కేసు మూతపడుతుంది. పక్క వీధిలో మరో పదిమంది స్టోరు ముందు నిలబడే ఉంటారు. అందుకే నాలుగైదు ఊళ్ల నుంచి, వేర్వేరు కారణాలతో బియ్యం అందనివాళ్లు, వాళ్లతోపాటు ఒక కూలీల సంఘం కలిసి పిటిషనర్లు కావాలి.

కారణాలు వేరని నిరూపించడంలోనే అసలు పని ఉంది. ముద్ర తిరస్కరించినప్పుడు ఆధార్ వ్యవస్థ ఇచ్చే ఎర్రర్ కోడ్ 300 అంటే వేలిముద్ర సరిపోలలేదని. 330 అంటే బయోమెట్రిక్ లాక్ అయి ఉందని. 811 అంటే ఆధార్ డేటాబేస్‌లో ఆ మనిషి బయోమెట్రిక్ వివరాలే లేవని. సిగ్నల్ లేక ఆగిపోవడం వీటికి సంబంధంలేని మరో లోపం. ఒక్కోదానికి బాధ్యులు వేరు, పరిష్కారమూ వేరు. "ముద్ర పడలేదు" అని అఫిడవిట్‌లో (కోర్టుకిచ్చే ప్రమాణపత్రంలో) రాస్తే అవతలి పక్షం ఒక్క వాక్యంతో కాదనేస్తుంది. తేదీ, సమయం, కోడ్ రాస్తే కాదనడానికి రికార్డు తెచ్చి చూపించాలి.

ఆ రికార్డు ఆధార్ పోర్టల్‌లో అథెంటికేషన్ హిస్టరీగా, అంటే ముద్ర వేసిన ప్రతిసారీ ఏమైందన్న చిట్టాగా దొరుకుతుంది. అయితే 6 నెలల వెనక్కి మాత్రమే, అదీ గరిష్ఠంగా 50 నమోదులు. 2018 సెప్టెంబరు 26 నాటి ఆధార్ తీర్పులో సుప్రీంకోర్టు ఈ రికార్డులను 6 నెలలకు మించి ఉంచరాదని చెప్పింది. గోప్యత కోసం సాధించుకున్న ఆ మంచి రక్షణ వల్లే, ఆలస్యం చేస్తే మన సాక్ష్యం చెరిగిపోతుంది. పైగా ఆ చిట్టా తెరవడానికి ఓటీపీ రావాలంటే ఆధార్‌కు ఫోను నంబరు లింకయి ఉండాలి. చాలామంది ముసలివాళ్లకు అదీ ఉండదు. కాబట్టి ప్రతి నెలా స్టోరు తెరిచిన రోజుల్లో ఎవరో ఒకరు అక్కడుండి, మిషన్ తెర మీద వచ్చిన సందేశాన్ని ఫోటో తీసి, పుస్తకంలో రాసుకోవాలి. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో, ఎస్వీ యూనివర్సిటీలో న్యాయశాస్త్రం చదివే పిల్లలు ఈ పని భేషుగ్గా చేయగలరు.

ఫోటోల దగ్గర తరచూ ఒక పొరపాటు జరుగుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫైలు కుదించుకుపోయి దాని హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే గుర్తు) మారిపోతుంది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో ఇచ్చే సర్టిఫికెట్‌లో ఆ హ్యాష్ విలువ రాయాలి. డాక్యుమెంట్‌గా పంపండి, తీసిన ఫోనులో అసలు ఫైలు చెరపకండి. ఆధార్ నంబరులో మొదటి 8 అంకెలు కొట్టేశాకే కేసు కట్టలో పెట్టండి. గోప్యత కోసం పోరాడుతూ మనవాళ్ల వివరాలే బయట పెట్టుకోకూడదు.

కోర్టు మొదట అడిగేది, కింది మెట్లు ఎక్కారా అనే. సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ రసీదు, ఆహార భద్రత చట్టం కింద జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి రాసిన లేఖ, రాష్ట్ర ఆహార కమిషన్‌కు చేసిన అప్పీలు చేతిలో ఉండాలి. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, వికలాంగులకు ఆదాయంతో పని లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చాలు.

ఇక ఏం అడగాలి? ఆధార్‌నే కొట్టేయమంటే 2018లోనే జవాబు వచ్చేసింది. నెల్లూరులో పుట్టిన మన బాలల హక్కుల కార్యకర్త శాంతా సిన్హా కూడా పిటిషనర్‌గా నిలిచిన ఆ పోరాటంలో, సంక్షేమ పథకాలకు ఆధార్‌ను కోర్టు సమర్థించింది. అయితే ముద్ర పడలేదన్న కారణంతో అర్హులకు పథకం ఆపబోమన్న ప్రభుత్వ హామీని నమోదు చేసింది. మన వాదన నిలబడాల్సింది ఆ హామీ మీదే. ఎలా అడగాలో 2025 ఏప్రిల్ 30 నాటి ప్రజ్ఞా ప్రసూన్ తీర్పు చూపిస్తుంది. యాసిడ్ దాడి బాధితులు ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో మనిషి గుర్తింపు సరిచూసే పద్ధతి) కెమెరా ముందు రెప్ప వేయలేకపోయారు. వాళ్ల పిటిషన్‌ను, చూపు లేని ఒక న్యాయవాది పిటిషన్‌ను కలిపి విన్న సుప్రీంకోర్టు డిజిటల్ సేవల అందుబాటు జీవించే హక్కునిచ్చే 21వ అధికరణలో భాగమేనంటూ 20 ఆదేశాలిచ్చింది. ఈ-కేవైసీ పద్ధతిలో ఏయే మెట్టు దగ్గర ఎవరు ఆగిపోతున్నారో విడివిడిగా చూపించారు కాబట్టే అన్ని ఆదేశాలు వచ్చాయి.

గెలిచాక సంఘాన్ని రద్దు చేసుకోవద్దు. ఆన్‌లైన్‌లో రాసిన మాటలకు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అయినా పోలీసులు దానికింద కేసులు పెడుతూనే పోయారు. పౌరహక్కుల సంఘం పీయూసీఎల్ మళ్లీ కోర్టు మెట్లెక్కాకే, 2022 అక్టోబరులో ఆ కేసులన్నీ ఎత్తేయాలన్న ఆదేశం వచ్చింది. ఏడేళ్లు! బియ్యం కేసులో ఆదేశం వస్తే, ప్రతి మండలంలో ఎంతమందికి ముద్ర లేకుండా సరుకు ఇచ్చారో సమాచార హక్కు కింద అడగాలి. 30 రోజుల్లో జవాబు రాకపోతే అప్పీలు వేయాలి. ఆ దరఖాస్తు నమూనాను రిట్‌తోపాటే సిద్ధం చేసి, ప్రతి ఊళ్లో ఒకరి చేతికి ఇచ్చి ఉంచాలి.